పాళెగాణ్ణి వెతికిన వేషాలు: పురాణం నుంచి గూఢచారి నవల దాకా

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే రోజుల్లో వీధుల్లో ఒక్కొక్కనాడు ఒక్కొక్క వేషం కనబడుతుంది. ఒకనాడు ఒంటినిండా తెల్లటి నామంకొమ్ము పూసుకున్న బైరాగి వేషాలు, మరొకనాడు కుంకుమ పూసుకున్న బండ వేషాలు, ఇంకొకనాడు బొగ్గుపొడి పూసుకుని వేపమండలు పట్టుకున్న తోటి వేషాలు గుడివైపు నడుస్తుంటాయి. చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకున్న మగవాళ్లను చూసి ఊరివాళ్లెవరూ వింతపడరు. ఈ వేషాల వెనుక ఉన్న కథ అందరికీ తెలిసినదే. ఆడపిల్లలను చెరబట్టే పాళెగాడొకడు ఈ ప్రాంతాన్ని ఏలేవాడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద కూడా చెయ్యి వేయబోయి, ఆమె ఎవరో తెలిసేసరికి ప్రాణభయంతో పారిపోయి దాక్కున్నాడు. అతన్ని పట్టుకోవడానికి అమ్మవారు రోజుకొక వేషం వేసుకుని ఊరంతా గాలించింది. చివరికి దొర వేషంలో వచ్చినప్పుడు, వచ్చింది నిజంగా దొరే అనుకుని పాళెగాడు బయటికి వచ్చాడు. అమ్మవారు అతని తల నరికింది.

దీన్ని మనం భక్తి కథగా చెప్పుకుంటాం, అది సబబే. అయితే కథ అల్లికను మాత్రమే చూసినా, గూఢచారి నవల రాయదలచినవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇందులోనే ఉంది. బైరాగి, బండ, తోటి వేషాలు శత్రువును వెతకడానికి వేసినవి. దొర వేషం శత్రువు తనంతట తానే బయటికి వచ్చేలా చేయడానికి వేసినది. మొదటి మూడింటికి ఎవరి కంటా పడకుండా తిరగడం చాలు. నాలుగోదానికి మాత్రం పాళెగాడు ఎవరికి భయపడతాడో, ఎవరి ఎదుట తలవంచి నిలబడతాడో తెలిసి ఉండాలి. వేషం శత్రువు కళ్లను మోసం చేస్తే సరిపోదు, అతని మనసులో అప్పటికే ఉన్న నమ్మకంలోకి దూరాలి. ఈ తేడా తెలియని రచయిత ఎన్ని మారువేషాలు వేయించినా కథలో పట్టు రాదు.

హిందూ పురాణాల ఆధారంగా గూఢచారి నవలలు రాయడం ఈనాడు భారతీయ భాషల్లోనూ ఇంగ్లీషులోనూ బాగా సాగుతున్న పని. చదివేవారూ ఎక్కువే. అయినా ఈ రెండింటి కలయికలో ఒక చిక్కుముడి ఉంది, దాన్ని విప్పకుండా ముందుకు పోలేము. గూఢచారి నవలకు ప్రాణం ఉత్కంఠ. తరువాత ఏమవుతుందో పాఠకునికి తెలియకూడదు. పురాణానికి ప్రాణం పరిచయం. తరువాత ఏమవుతుందో శ్రోతకు ముందే తెలుసు. లంక కాలుతుందని, కీచకుడు చస్తాడని తెలిసే మనం కథకు కూర్చుంటాం. అలాంటప్పుడు ఈ రెండూ ఒక పుస్తకంలో ఎలా ఇముడుతాయి?

దీనికి సమాధానం చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో దొరుకుతుంది. ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్లలో జరిగే మహాభారత యజ్ఞంలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఉంటాయి. పద్దెనిమిది నాళ్లు సాగే ఆ ఉత్సవంలో అర్జునుడు తపసుమాను అనే పొడవాటి స్తంభం ఎక్కడమూ, దుర్యోధన వధా, అగ్నిగుండమూ చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలివస్తాయి. వచ్చినవారిలో కథ తెలియనివారు ఒక్కరూ ఉండరు, అయినా తెల్లవార్లూ కన్నార్పకుండా చూస్తారు. ఇక్కడ ఉత్కంఠ శ్రోతకు తెలియకపోవడం వల్ల పుట్టినది కాదు. శ్రోతకు తెలిసిన నిజం పాత్రకు తెలియకపోవడం వల్ల పుట్టినది.

విరాటపర్వంలో ఒక ఘట్టం చూద్దాం. పాండవులు మారుపేర్లతో విరాటుని కొలువులో దాగి ఉన్నారు: ధర్మరాజు కంకుభట్టుగా, అర్జునుడు బృహన్నలగా, ద్రౌపది సైరంధ్రిగా. ఉత్తర గోగ్రహణంలో కౌరవులు ఓడిపోయారన్న వార్త విని విరాటరాజు ఆనందంతో కంకుభట్టుతో జూదానికి కూర్చుని, తన కొడుకు ఉత్తరుణ్ణి పొగడటం మొదలుపెడతాడు. బృహన్నల సారథిగా ఉండగా గెలవక ఏమవుతుందని కంకుభట్టు అంటాడు. రాజు ఒకసారి వారించినా అతడు అదే మాట మళ్లీ అంటాడు. రాజు కోపం పట్టలేక చేతిలోని పాచికను విసిరి ముఖాన కొడతాడు. ముక్కునుంచి రక్తం కారుతుంది. పక్కనే ఉన్న సైరంధ్రి ఆ రక్తం నేల మీద పడకుండా పాత్రలో పడుతుంది. అదే సమయంలో ఉత్తరుడూ బృహన్నలా వాకిటికి వస్తారు. ఉత్తరుణ్ణి మాత్రమే లోపలికి పంపమని, బృహన్నలను ఆపమని ద్వారపాలకునికి కంకుభట్టు మెల్లగా చెబుతాడు. యుద్ధంలో తప్ప మరెక్కడైనా ధర్మరాజు రక్తం కళ్లజూసినవాణ్ణి బతకనివ్వనని అర్జునుడు వ్రతం పట్టి ఉన్నాడు. ఆ గదిలో ఉన్నవాళ్లలో విరాటునికి ఏమీ తెలియదు, సైరంధ్రికి అంతా తెలుసు, ధర్మరాజు తనను కొట్టినవాని ప్రాణాన్నే కాపాడుతున్నాడు. అన్నీ తెలిసిన మనం మాత్రం ఊపిరి బిగబట్టి తలుపువైపు చూస్తుంటాం. పాచిక, రక్తపు పాత్ర, తలుపు అనే మూడు వస్తువులతో ఇంత ఉత్కంఠను నిర్మించిన ఘట్టం ఆధునిక గూఢచారి సాహిత్యంలో కూడా అరుదు అని నా నమ్మకం.

కనుక పురాణం ఆధారంగా రాసే రచయిత ముగింపును దాచడానికి తాపత్రయపడనవసరం లేదు. ఎవరికి ఎంత తెలుసు అనే లెక్కను మాత్రం పేజీపేజీకీ చూసుకోవాలి.

ఇక రెండో చిక్కు. మన గ్రంథాల్లో గూఢచారి అంటే ఎవరు? ఇక్కడ చాలామంది దూతనూ చారుణ్ణీ ఒకే గాట కడతారు. దూత బహిరంగంగా వెళతాడు, తన ప్రభువు పేరు చెబుతాడు, అతన్ని చంపకూడదు. చారుడు, అంటే మన పాత తెలుగులో వేగులవాడు, పేరు దాచుకుని వెళతాడు. దొరికితే అతనికి ఏ రక్షణా లేదు. ఈ విభజన నేటికీ చెక్కుచెదరలేదు. రాయబార కార్యాలయంలో పదవి ఉన్నవాణ్ణి అరెస్టు చేయకూడదని, అనుమానం వస్తే వెనక్కి పంపేయడమే మార్గమని 1961 నాటి వియన్నా ఒప్పందం చెబుతుంది. అలాంటి పదవి లేకుండా మారుపేరుతో వెళ్లినవానికి ఆ రక్షణ వర్తించదు. సుందరకాండ చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. హనుమంతుడు రాత్రివేళ పిల్లి అంత రూపంతో లంకలోకి చొరబడినప్పుడు చారుడు. బ్రహ్మాస్త్రానికి కట్టుబడి రావణుని సభలో నిలిచి తాను రామదూతనని ప్రకటించిన క్షణాన దూత. దూతను వధించడం ధర్మం కాదని విభీషణుడు వాదించగలిగింది ఆ ఒక్క ప్రకటన వల్లనే. ఒకే మనిషి ఒకే రోజున ఒక హోదా నుంచి మరొక హోదాలోకి మారడంలో ఎంత తెలివి ఉందో చూడండి. అలా మారినందువల్లే అతడు శత్రురాజును ఎదురుగా చూడగలిగాడు, సభను అంచనా వేయగలిగాడు, ప్రాణాలతో బయటపడగలిగాడు.

రుగ్వేదంలోనే వరుణునికి వేగులవాళ్లున్నారు, వారిని స్పశులన్నారు. అథర్వవేదంలో వరుణుని గురించిన సూక్తంలో ఒక మాట ఉంది: ‘ద్వౌ సంనిషద్య యన్మంత్రయేతే రాజా తద్వేద వరుణస్తృతీయః’. ఇద్దరు కూర్చుని గుసగుసలాడుకుంటే అక్కడ మూడోవాడుగా ఉన్న వరుణరాజు దాన్ని వింటున్నాడని అర్థం. ఫోన్ల మీద నిఘా గురించి వాదించుకుంటున్న కాలంలో ఈ మాట చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అదే రుగ్వేదం పదో మండలంలో సరమ అనే దేవశునకం ఇంద్రుని దూతికగా రసానది దాటి, పణులు దాచిన ఆవుల జాడ తీస్తుంది. తమవైపు వచ్చేయమని, చెల్లెలిగా చూసుకుంటామని, ఆవుల్లో వాటా ఇస్తామని పణులు ఆశ చూపుతారు. నాకు అన్నాచెల్లెళ్ల వరసలు తెలియవంటుంది సరమ. శత్రువు మనిషిని బంధుత్వంతోనూ డబ్బుతోనూ తనవైపు తిప్పుకునే ప్రయత్నానికి మన సాహిత్యంలో ఇదే తొలి చిత్రం కావచ్చు.

శాస్త్రంగా చూస్తే కౌటిల్యుని అర్థశాస్త్రమే ఆధారం. మైసూరులో ఆర్. శామశాస్త్రి 1909లో ఈ గ్రంథాన్ని అచ్చులోకి తెచ్చేవరకు, రాజ్యాలు వేగును ఎలా నడిపేవో మనకు కథల ద్వారానే తెలుసు. కౌటిల్యుడు గూఢపురుషులను రెండు తెగలుగా పెట్టాడు. ఒకచోట కుదురుకుని ఉండేవారిలో కపట శిష్యుడు, సన్యాసం వదిలినవాడు, కాపు వేషధారి, వర్తకుడు, తాపసుడు ఉన్నారు. తిరుగుతూ పనిచేసేవారిలో రాజు పోషణలో శిక్షణ పొందిన సత్రి, ప్రాణాలకు తెగించిన తీక్ష్ణుడు, విషం పెట్టే రసదుడు, సన్యాసిని అయిన భిక్షుకి ఉన్నారు. రెండు వైపులా జీతం తీసుకునే ఉభయవేతనుల గురించి కూడా రాశాడు. అలాంటివారిని పంపేటప్పుడు వారి భార్యాబిడ్డలను రాజు తన అధీనంలో ఉంచుకోవాలన్నాడు. ఈ ఒక్క వాక్యంలో ఒక నవలకు సరిపడా దుఃఖం ఉంది. శత్రురాజ్యంలో ఉన్నవాని కథ మాత్రమే రాసి, ఇంటి దగ్గర మిగిలిన భార్యను మరిచిపోయే రచయితలకు ఇది గుర్తుచేయవలసిన విషయం.

వేగులవాళ్లు ఒకరినొకరు ఎరగకూడదని, ముగ్గురి మాట ఒకటైతేనే వార్తను నమ్మాలని కౌటిల్యుని నియమం: ‘త్రయాణామేకవాక్యే సంప్రత్యయః’. చిత్తూరు జిల్లాలో తెలుగూ తమిళమూ రెండూ మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి కనుక ఇంకో సంగతి కూడా చెప్పాలి. తమిళ నీతిగ్రంథం తిరుక్కురళ్‌లో 59వ అధ్యాయం పూర్తిగా వేగు గురించే. అందులోని 589వ కురళ్ కూడా ఒక వేగును ఇంకొక వేగు ఎరగకుండా నడపాలని, ముగ్గురి మాటలు కలిస్తేనే తేల్చుకోవాలని అంటుంది.

ఈ నియమాన్ని ఎంత నేర్పుగా వాడుకోవచ్చో మన వేంకటాచల మాహాత్మ్యంలో ఉంది. నారాయణవరంలో ఆకాశరాజు కూతురు పద్మావతి దిగులుతో మంచం పట్టినప్పుడు శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో అంతఃపురానికి వెళ్లి, రాణి ధరణీదేవికి ఎరుక చెబుతాడు. నీ కూతురు మనసు వేంకటాద్రి మీద ఉన్నవాని మీద పడిందని, అతనికిచ్చి చేయడమే మందని, ఈ విషయం మాట్లాడటానికి కొండ నుంచి ఒక పెద్దావిడ రాబోతోందని చెబుతుంది ఎరుకలసాని. కాసేపటికి వకుళమాత నిజంగానే వస్తుంది. కూతురి మనసులోని మాట, ఎరుకలసాని సోదె, వకుళమాత రాయబారం మూడూ కలిసేసరికి రాణికి ఇక సందేహం మిగలదు. ఎరుకలసాని కోటలోకి వచ్చింది రహస్యం తెలుసుకోవడానికి కాదు, ఒక వార్తను నాటడానికి. ఆ వార్తకు వేరే దిక్కునుంచి బలం వచ్చేలా వేళను కూడా ముందే కుదుర్చుకుంది. ముగ్గురు సాక్షులు ఒకరితో ఒకరికి సంబంధం లేనివారే అని వినేవారు నమ్మడంలోనే అసలు కిటుకు ఉంది. దీన్ని స్వామివారి లీలగా భావించే భక్తునిగానే ఈ మాట రాస్తున్నాను. లీలలో ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉందని గమనించడం వల్ల నా భక్తి పెరిగిందే గాని తగ్గలేదు.

మూడు నోళ్ల నియమాన్ని పక్కనపెడితే ఏమవుతుందో మన దేశం కళ్లారా చూసింది. 1994లో ఇస్రో గూఢచర్యం కేసు పేరుతో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను అరెస్టు చేశారు. ఆ ఆరోపణలు నిరాధారమని 1996లో సీబీఐ తేల్చింది. 2018లో సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. మధ్యలో పోయిన ఏళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది కనుక ఇక్కడివారు రాసే గూఢచారి నవలల్లో రాకెట్ కేంద్రం రావడం సహజం. అలా రాసేటప్పుడు ద్రోహి ఎవరో కనిపెట్టడం ఎంత ఉత్కంఠభరితమో, ద్రోహి కానివాణ్ణి ద్రోహి అనడం అంత ఘోరమని కథలో ఎక్కడో ఒకచోట తగలాలి.

వార్త ఒక ఎత్తయితే, దాని అర్థం తెలుసుకోవడం మరొక ఎత్తు. పాండవుల అజ్ఞాతవాసంలో దుర్యోధనుని వేగులవాళ్లు దేశమంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చారు. పాండవులు దొరకలేదు గాని, విరాటుని బావమరిది కీచకుణ్ణి రాత్రివేళ గంధర్వులు చంపారట అని ఒక ముక్క చెప్పారు. తెచ్చినవాళ్లకు అది ఊసుపోక కబురు. కీచకుణ్ణి ఒంటిచేత్తో చంపగలవాడు భూమి మీద ఎవరు అని ఆలోచించినవానికి మాత్రం అదే ఆచూకీ. భీష్ముడైతే మనుషులను వెతకడమే మానేయమన్నట్టు మాట్లాడాడు: ధర్మరాజు ఉన్నచోట వానలు పడతాయి, పంటలు పండుతాయి, అలాంటి దేశం ఎక్కడుందో చూడండి అన్నాడు. దాక్కున్నవాడు తన ముఖాన్ని దాచగలడు గాని, తన ఉనికి వల్ల చుట్టూ జరిగే మార్పును దాచలేడు. పరశురాముని దగ్గర కర్ణుడు దొరికిపోయింది కూడా ఇలాగే. తొడను పురుగు తొలుస్తున్నా కదలకుండా ఓర్చుకున్నందువల్లే అతడు బ్రాహ్మణ కుమారుడు కాడని గురువు గ్రహించాడు. గొప్పతనమే గుట్టు బయటపెట్టడం కంటే విషాదకరమైన మలుపు గూఢచారి కథలో ఏముంటుంది?

సుందరకాండకు మళ్లీ వస్తాను, ఎందుకంటే వేగు పనిలోని సూక్ష్మాలు అక్కడున్నంతగా మరెక్కడా లేవు. శింశుపా వృక్షం మీద ఆకుల చాటున కూర్చున్న హనుమంతుని సమస్య రాక్షస స్త్రీలు కాదు, భాష. ద్విజునిలా సంస్కృతం మాట్లాడితే సీత తనను రావణుడనుకుని భయపడుతుందని, కేక వేస్తే కాపలావాళ్లు లేచి పని చెడుతుందని తర్కించుకుంటాడు. తాము పండితులమనుకునే దూతలే పనులను పాడుచేస్తారని అంతకుముందే తనను తాను హెచ్చరించుకున్నాడు. చివరికి మనుషులు మాట్లాడే భాషలో, ఆమెను ఉద్దేశించినట్టు కాకుండా, రామకథను మెల్లగా చెప్పుకుంటూ పోతాడు. అప్పుడు కూడా సీత వెంటనే నమ్మదు. రాముని గుర్తులు చెప్పమని పరీక్ష పెడుతుంది. ఆ తరువాతే రామనామం చెక్కిన ఉంగరం చేతికి వస్తుంది. తిరుగు ప్రయాణానికి ఆమె చూడామణితో పాటు కాకాసురుని ఉదంతం కూడా చెబుతుంది, అది రామునికీ తనకూ మాత్రమే తెలిసిన సంగతి గనుక. వస్తువును దొంగిలించవచ్చు, జ్ఞాపకాన్ని దొంగిలించలేరు. అభిజ్ఞానమనే మాటకు ఇంతకన్నా మంచి వివరణ నాకు తెలియదు. రహస్య సంకేతపదాలు, వేలిముద్రలు అన్నీ ఈ రెండంచెల పద్ధతికి తరువాతి రూపాలే.

ఇన్ని సంపదలుండగా చాలా నవలలు ఒకే దారి పడతాయి. ఏదో ప్రాచీన దేవాలయం కింద ఒక నేలమాళిగ, అందులో పురాణకాలపు ఆయుధం, దాన్ని తెరవడానికి శ్లోకంలో దాచిన సంకేతం, వెంటపడే విదేశీ ముఠా. చదివించే గుణం ఇందులో ఉంది, కాదనను. అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలను ఒక్క రాత్రిలో ముగించిన తరానికి చెందినవాణ్ణి, ఆ రుచి నాకూ తెలుసు. అయితే ఆ కథలో పురాణం ఉత్త ఇనప్పెట్టె. పెట్టెలో వేరే దేశపు నిధిని పెట్టినా కథ అలాగే నడుస్తుంది. పురాణాన్ని తీసేస్తే కథ కూలిపోయేలా రాసినప్పుడే అది పురాణం నుంచి పుట్టిన నవల అవుతుంది.

మరొక ప్రమాదం ఇంకా సున్నితమైనది. అర్థశాస్త్రం పదమూడో అధికరణంలో కౌటిల్యుడు దేవుణ్ణి కూడా వేగు పనికి వాడుకోమంటాడు: సొరంగం గుండా విగ్రహాల్లోకి ప్రవేశించిన గూఢపురుషులతో రాజు మాట్లాడాలి, దేవతలే అతనితో మాట్లాడుతున్నారని జనం నమ్మాలి. ఇది మన శాస్త్రంలో ఉన్న మాటే కనుక దాచనవసరం లేదు. కానీ ఈ ఒక్క మాట పట్టుకుని గుళ్లలో జరిగేదంతా ఎత్తుగడే అని రాసే నవల, భక్తి అన్నది జనానికి ఏమిటో తెలియక రాసినదవుతుంది. అలాగని దేవుడే ప్రతి మలుపులోనూ వచ్చి నాయకుణ్ణి కాపాడితే ఉత్కంఠ చచ్చిపోతుంది. దేవుని మీద పాత్రలకు గల నమ్మకం నిజమైనదిగా ఉండాలి. వారి పని మాత్రం వారి తెలివితోనే జరగాలి.

తిరుమల కొండ మీద ఇటువంటి కథ జరిగితే ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించాను. కల్యాణకట్ట నుంచి బయటికి వచ్చినవారందరూ గుండ్లతో, తల మీద గంధం పూతతో, ఒకరికొకరు కవల పిల్లల్లా ఉంటారు. ఫొటో చేతిలో పట్టుకుని వెతికేవానికి అక్కడ ఎవరు దొరుకుతారు? తెలుగు, తమిళం, కన్నడం, హిందీ పక్కపక్కనే వినబడే క్యూలో ఏ యాసా వింతగా తోచదు. దర్శనానికి వెళ్లేముందు సెల్‌ఫోన్లు కౌంటర్‌లో అప్పగించాలి కనుక లోపల వార్త నోటిమాటగానో చేతిలోని చీటీగానో మాత్రమే నడవాలి. ఆధునిక యంత్రాలన్నీ గడప అవతల ఆగిపోయి, గూఢచారి మళ్లీ హనుమంతుని కాలపు పరికరాలతో మిగిలే చోటు అది. ఇక్కడి రచయితకు నేలమాళిగ ఎందుకు?

ఇంత చెప్పిన తరువాత కూడా ఈ వ్యాసానికి అసలైన కథ మిగిలే ఉంది, అది కచునిది. మృతసంజీవని విద్య కోసం దేవతలు అతన్ని అసురుల గురువు శుక్రాచార్యుని దగ్గరికి పంపారు. అతడు వేషం వేయలేదు. అంగిరసుని మనుమణ్ణి, బృహస్పతి కొడుకును, నా పేరు కచుడు అని నిజమే చెప్పుకున్నాడు. దాచింది ఒక్క ఉద్దేశాన్నే. శుక్రుని కూతురు దేవయానికి పూలు తెచ్చాడు, పాటలు పాడాడు, గోవులను కాచాడు. అసురులు గుర్తుపట్టి చంపారు, దేవయాని ఏడ్చి తండ్రి చేత బతికించుకుంది. మళ్లీ చంపారు, మళ్లీ బతికించుకుంది. మూడోసారి కాల్చి బూడిదను మద్యంలో కలిపి శుక్రునికే తాగించారు. కడుపులో ఉన్న శిష్యునికి విద్య నేర్పితే తప్ప తానూ అతడూ బతకని స్థితి వచ్చింది గురువుకు. ఆ విధంగా పని నెరవేరింది. కచుడు సెలవు తీసుకునే రోజున దేవయాని పెళ్లాడమంది. గురువుగారి కూతురివి, ఆయన కడుపునుంచి వచ్చిన నాకు తోబుట్టువువు అన్నాడు. ఆ విద్య నీకు పనిచేయదని ఆమె శపించింది. నేను నేర్పినవారికి పనిచేస్తుందని అతడన్నాడు, ఋషిపుత్రుడెవడూ నిన్ను పెళ్లాడడని తిరిగి శపించాడు.

దేవతలకు ఇది విజయం. కచునికి నెరవేరిన కర్తవ్యం. దేవయానికి ఏమిటి? ఆమె మూడుసార్లు కాపాడిన మనిషి అబద్ధం ఆడనే లేదు, అయినా ఆమె మోసపోయింది. ఆమె తరువాతి జీవితమంతా, యయాతితో పెళ్లి, శర్మిష్ఠతో పగ, ఈ గాయం నుంచే నడుస్తుందనిపిస్తుంది. మనవైపు గూఢచారి గెలిచాడని చప్పట్లు కొట్టి పుస్తకం మూసే నవల ఈ ఇంటి గడప తొక్కదు. మన దేశపు విదేశీ గూఢచార సంస్థ ‘రా’ 1968లో ఏర్పడింది. అందులో పనిచేసినవారిలో చాలామంది చేసిన పని ఎన్నటికీ బయటికి రాదు, వారి వల్ల ఎవరు కాపాడబడ్డారో, ఎవరు నమ్మి నష్టపోయారో కూడా రాదు. ఆ రెండో లెక్క రాయగలది నవల ఒక్కటే.

గంగమ్మ జాతర కథ పాళెగాని తల తెగడంతో ముగిసిపోదు. దొర వేషం తరువాత మాతంగి వేషం ఉంది. పాళెగాణ్ణి చంపిన అమ్మవారు మాతంగి రూపంలో అతని ఇంటికే వెళ్లి, అతని భార్యను ఓదార్చిందని పెద్దలు చెబుతారు.